వెనక బరువు అధికారి

నవంబరు ఒకటో తారీఖున చలికాలపు టైర్ల ఎంపిక సంఘం ఏర్పడిందని లెద్నా పురపాలక సంఘం నోటీసు బోర్డు మీద ప్రకటన అంటించారు. సంఘంలో తొమ్మిది మంది. కారు ఒకటి. అప్పటికే మంచు పడుతోంది. అయినా ఆలస్యం జరిగిందని ఎవరూ అనడానికి వీల్లేదు. మంచే తొందరపడింది.

కారు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇరవై రెండేళ్ల పాత బండి. ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. ఊరి అంబులెన్సు మూడేళ్లుగా రిపేరులో ఉంది కాబట్టి, రాదోయ్కా పిన్నిని వారానికి మూడుసార్లు కొండ కనుమ దాటించి జిల్లా ఆసుపత్రికి చేర్చే పని ఈ కారుదే. రాదోయ్కా బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో అక్కడి మిషను ఆవిడ రక్తం కడగాలి. ఒకసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి. మళ్లీ తప్పితే ఉబ్బడానికి మనిషే ఉండదు. ఈ సంగతి సంఘానికి డాక్టరు రాతపూర్వకంగా తెలియజేశాడు. సంఘం దాన్ని రాతపూర్వకంగా అందుకుంది.

మొదటి సమావేశంలో కాఫీ తాగారు. రెండో సమావేశంలో రేగిపండ్ల సారా తాగారు. మూడోదానికి టైర్ల కొట్టు స్రేతెన్‌ని పిలిచారు. స్రేతెన్ చేతులు తుడుచుకోకుండానే వచ్చాడు.

"నాలుగు వెయ్యండి. నాలుగూ ఒకే రకం. ఇందులో ఎంచుకోవడానికేం లేదు," అన్నాడు.

మేయరు వుకాషిన్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "కారుని ఏ చక్రాలు నెడతాయి?"

"వెనకవి."

"మరి ముందువి ఏం చేస్తాయి?"

"దారి తిప్పుతాయి. బ్రేకు వేస్తే ఆపుతాయి."

"అంటే నెట్టవు."

"నెట్టవు గానీ..."

"నెట్టవని రాసుకోండి," అన్నారు మేయరు గారు. తరవాత లేచి నిలబడి ప్రసంగించారు: "ఈ పాలన శ్రమించే చక్రాన్ని గౌరవిస్తుంది. ఒళ్లు వంచకుండా ముందు కూర్చుని దారి మాత్రం చూపించే చక్రానికి, ప్రజల సొమ్ముతో కొత్త టైరు తొడగడం నా హయాంలో జరగదు."

సంఘంలోని ఏడుగురు శాఖాధిపతులూ చప్పట్లు కొట్టారు. ఏడుగురి కాళ్లకీ కొత్త బొచ్చు బూట్లున్నాయి.

"ఎక్కడం ఎక్కుతుంది మేయరు గారూ," అన్నాడు స్రేతెన్. "దిగేటప్పుడు?"

"దిగడానికి సాయమెందుకయ్యా? దానంతటదే దిగుతుంది."

అలా వెనక చక్రాలకి రెండు కొత్త టైర్లు వచ్చాయి. ముందు చక్రాలకి పాత వేసవి టైర్లే, అరిగి నున్నగా, పాలరాతి నేల లాగా ఉన్నాయి. ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. బాజాలు మోగాయి. మతగురువు వచ్చి రెండు వెనక చక్రాల మీదా పవిత్ర జలం చల్లాడు. మిగతా రెంటి మీద చల్లాలా అని అడిగితే తీర్మానంలో లేదన్నారు.

మర్నాడే ఒక చిక్కొచ్చింది. ఖాళీ డిక్కీతో కారు తోక ఊపుకుంటూ వీధికి అడ్డంగా తిరిగింది. ఇలాంటి కారున్నవాడెవడైనా మా వైపు మొదటి మంచుకి డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడేస్తాడు, వసంతం రాగానే తీసి కోళ్ల గూటి ముందు పోసుకుంటాడు. డ్రైవరు మిలాదిన్ కూడా రెండు బస్తాలే అడిగాడు. మేయరు గారు నొచ్చుకున్నారు.

"ఇసుకకి ఓటుందా? ఇసుకకి పెళ్లాం పిల్లలున్నారా? పనిలేని మనుషులు ఇంతమంది ఊళ్లో ఉంటే, ఉన్న ఒక్క బరువు పనీ ఇసుకకి ఇమ్మంటావా?"

మిలాదిన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. మేమైతే మాట బాగుందనుకున్నాం కూడా. ఆ వారంలోనే వెనక బరువు అధికారి అనే పోస్టు పుట్టింది. పోటీ లేకుండా ఆ పోస్టుకి మేయరు గారి బామ్మర్ది గ్వోజ్దెన్ ఎంపికయ్యాడు. నూట నలభై కిలోలు. ప్రకృతి స్వయంగా అతని అర్హతని ధ్రువీకరించింది.

గ్వోజ్దెన్ పనిదొంగ అని ఎవరూ అనలేరు. రోజూ పొద్దున్నే మాంసం కూరిన బురెక్ రొట్టెల పళ్లెం ఒళ్లో పెట్టుకుని వెనక సీటు నడిమధ్య కూర్చునేవాడు. రాదోయ్కా తలుపుకి అతుక్కుని కూర్చునేది.

"ఒరే గ్వోజ్దెన్, కాస్త జరగరా. నా సంచీ నీ కింద ఉంది."

"జరిగితే బరువు ఒక పక్కకి పోతుంది పిన్నీ. డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీలో తింటున్నావేంట్రా?"

"డ్యూటీయే అది."

ముందు సీట్లో మిలాదిన్ దగ్గినట్టు చేసి నవ్వాడు.

ఒక బుధవారం గ్వోజ్దెన్ జలుబు చేసి సెలవు పెట్టాడు. బరువు సెలవులో ఉంటే కారు కదలకూడదని నిబంధన. రాదోయ్కా గుమ్మంలో మధ్యాహ్నం దాకా సంచీ పట్టుకుని నిలబడింది. శుక్రవారానికి ఆవిడ కాళ్లు చెప్పుల్లో పట్టలేదు. గ్వోజ్దెన్ జలుబు త్వరగా తగ్గాలని పురపాలక సంఘం పూలగుత్తి పంపింది.

తరవాతి సోమవారం కనుమ బాగానే ఎక్కారు. దిగేటప్పుడు మొదటి మలుపులో మిలాదిన్ స్టీరింగు ఎడమకి తిప్పాడు. ముందు చక్రాలు కూడా ఎడమకే తిరిగాయి. కారు మాత్రం, నూట నలభై కిలోలు వెనకనుంచి తోస్తుంటే, తిన్నగా వెళ్లి కంచె విరగ్గొట్టుకుని గడ్డివాములో దూరింది. "వాహనం సక్రమ మార్గంలోనే ప్రయాణించినది, రహదారి మలుపు తిరిగినది," అని నివేదికలో రాశారు. గ్వోజ్దెన్‌కి భుజం విరిగింది. అతన్ని తీసుకెళ్లడానికి మేయరు గారి సొంత కారు వచ్చింది. దానికి నాలుగూ కొత్త టైర్లే. అందులో ఇంకొకరికి చోటు లేదన్నారు. రాదోయ్కా దుంగల లారీ ఎక్కి ఐదు గంటలు ఆలస్యంగా చేరింది. తరవాతి వాళ్లు కాచుకుని ఉన్నారని సగం సేపే మిషను పెట్టారు. మిగతా సగం బుధవారం చూద్దామన్నారు.

మంగళవారం పొద్దున్న రాదోయ్కా అర్జీ పట్టుకుని పురపాలక సంఘానికి బయల్దేరింది. కారు బయటికి లాగేశారు, సొట్టలు తీసేశారు. సరిపోయే రెండు టైర్లు స్రేతెన్ తీసి పక్కన పెట్టాడు, సంతకం ఒక్కటి తెస్తే అరగంటలో ముందు చక్రాలకి బిగిస్తానన్నాడు. అంతే కావాలి.

పురపాలక సంఘం ముందు మంచులో నూట పన్నెండు మంది వరుసలో ఉన్నారు. రాదోయ్కా ఆగిపోయింది. చేతి తొడుగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంతమందిమి వచ్చాక ఇవ్వకేం చేస్తార్రా రెండు టైర్లు," అంది ముందున్నవాడితో.

"ఏ టైర్లు పిన్నీ?" అన్నాడు వాడు. "గ్వోజ్దెన్ భుజం అతకడానికి ఆరు వారాలట. పోస్టు ఖాళీగా ఉంది."

అప్పుడు చూసింది ఆవిడ. అందరి చెంపలూ నిండుగా ఉన్నాయి, నములుతున్నారు. కొందరి జేబులు రాళ్లతో కిందికి వేలాడుతున్నాయి. ముసలావిడ, పైగా కాళ్ల వాపు అని దయతలచి మేమే ఆవిడని వరుసలో ముందుకి పంపాం. అంత మంచితనం మాలో ఉంది.

లోపల గుమాస్తా తలెత్తలేదు. "ఎక్కండి," అన్నాడు. సహకార సంఘం గోదాము నుంచి తెచ్చిన బంగాళాదుంపల కాటా అది.

"అర్జీ ఇవ్వడానికొచ్చాను నాయనా."

"అర్జీ తరవాత. ముందు బరువు."

ఎక్కింది.

"నలభై తొమ్మిది. చాలదు. తరవాతి వాళ్లు."

రాదోయ్కా దిగలేదు. "రేపు ఆరింటికి నేను కనుమ దాటాలి," అంది. "ముందు చక్రాలకి రెండు టైర్లు. ఒక్క సంతకం. అది పడేదాకా దిగను."

గుమాస్తా కలం కింద పెట్టాడు. తలుపు తెరిచే ఉంది, ఆ మాట వరుసలో చివరిదాకా వినిపించింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని అందరం ఎదురు చూశాం.

వెనకనుంచి ఎవడో అన్నాడు: "దిగు పిన్నీ, ఒంటిగంటకి ఆఫీసు మూసేస్తారు."

సిగ్గులేనివాడా అన్నట్టు మేమంతా వాడివైపు తిరిగి చూశాం. మళ్లీ ఇటు తిరిగేసరికి కాటా ఖాళీగా ఉంది. ఒక అడుగు ముందుకి జరిగాం.