కోమాకు హాజరు తప్పనిసరి

మానవజాతి సాధించిన పరిపాలనా విజయాలన్నింటిలోనూ శిఖరం ఏదని ఎవరైనా అడిగితే, మా సీరియల్ సెట్‌లో అమల్లో ఉన్న సెలవుల విధానమని నిస్సంకోచంగా చెబుతాను. (అక్కడ మాటలు రాసేవాణ్ణి నేనే. నిస్సంకోచంగా చెప్పకపోతే రేపటి నుంచి ఇంకొకరు రాస్తారు.)

ఈ విధానానికి కర్త మా నిర్మాత. ఒకప్పుడు ఆవిడ బుల్లితెర మీద పెద్దకోడలు. పన్నెండేళ్లు ఒకే వంటగదిలో నిలబడి ఏడ్చి, ఆ ఏడుపు సొమ్ముతోనే సొంత కంపెనీ పెట్టింది. వాళ్ల నాన్న పోయిన రోజున అప్పటి నిర్మాత సెలవివ్వకపోతే, విందు సీనులో పగలబడి నవ్వుతూ నటించిందట. "ఆ అన్యాయం ఇంకే ఆడపిల్లకీ జరగనివ్వను" అని ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతుంది. సరిగ్గా 'ఆడపిల్ల' దగ్గర గొంతు పూడుకుపోతుంది. ఇంతవరకు ఒక్కసారీ గురి తప్పలేదు.

అప్పటి నిర్మాత సెలవు లేదు పొమ్మనేవాడు. ఈవిడ ఆ మాట అనదు. విధానం పెట్టింది. పూట సెలవు కావాలంటే పాత్ర కళ్లు తిరిగి పడిపోవాలి. రెండు రోజులైతే కోమా. అంతకు మించితే గోడమీద ఫోటో. (ఫోటో సెలవడగదు, కూరలో ఉప్పు లేదనదు. మా కంపెనీ మెచ్చిన ఏకైక నటి అదే.) అమలు చేయడానికి తన మరిదినే సెలవుల అధికారిగా వేసుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఇక్కడ ఇద్దరిదీ ఒకే ఇల్లు కనుక ఆ పేచీ లేదు.

చిన్నకోడలి వేషం వేసే అమ్మాయి తల్లికి గుండె ఆపరేషన్ పడింది.

"రెండు రోజులు చాలమ్మా. మా అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు" అని అడిగింది. (సెట్‌లో నిర్మాతను అందరూ అమ్మా అనే పిలవాలి. అదీ విధానమే.)

"అయ్యో తల్లీ, ఆ బాధ నాకు తెలీదా!" అంది నిర్మాత. మరిది వైపు తిరిగి, "పిల్లని కోమాలో పెట్టించు" అంది.

మధ్యాహ్నానికల్లా చిన్నకోడలు మెట్లమీంచి జారిపడింది. సాయంత్రం ఆ అమ్మాయి సంచి సర్దుకుని బయల్దేరబోతే అధికారి గేటు దగ్గర ఆపాడు.

"ఎక్కడికమ్మాయ్?"

"సెలవిచ్చారుగా బాబాయ్!"

"ఇచ్చాం, నీ పాత్రకి. కోమాలో ఉన్న మనిషి మంచం మీద లేకపోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు? ఉత్త దిండు చూపించమంటావా?"

"మరి నాకేం ఒరిగింది?"

"డైలాగు లేదు, ఏడుపు లేదు, పడుకోడమే కదా! ఇంతకన్నా సెలవు ఎవరిస్తారు నీకు?"

నాకు ఒళ్లు మండిపోయింది. మండుతున్న ఒంటితోనే మర్నాటి కోమా సీను రాసిచ్చాను.

అలా తల్లి ఆస్పత్రిలోనూ, కూతురు సెట్‌లోనూ ముక్కుకు గొట్టాలతో పడుకున్నారు. (మా గదే నయం, పరదాలు కొత్తవి.) కోమాకు రేటింగ్ ఎగబాకింది. దాంతో ప్రేక్షకుల కోరికపై దాన్ని పొడిగించారు. ఒకనాడు షాటు మధ్యలో ఆ అమ్మాయి మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. డైరెక్టర్ కట్ చెప్పబోతుంటే నిర్మాత చెయ్యి అడ్డుపెట్టింది.

"ఆగవయ్యా! ఆ చుక్క రావడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. దగ్గరగా తియ్యి."

ఆ మర్నాడే మేకప్ ఆవిడ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ అమ్మాయి ఫోను విని, గొట్టం పీకేసి, ఆస్పత్రి గౌనుతోనే నిర్మాత కుర్చీ దగ్గర కూలబడింది.

"మా అమ్మ పోయిందమ్మా... ఆఖరి చూపుకైనా పంపించమ్మా!"

నిర్మాత గొంతు పూడుకుపోయింది. ఇంటర్వ్యూలో పూడుకున్నట్టే పూడుకుంది. ఆ పిల్ల తల నిమిరి, కళ్లు ఒత్తుకుని, ఎంతో మెత్తగా అడిగింది:

"కోమాలో ఉన్నదానివి, మీ అమ్మ పోయిన సంగతి నీకెలా తెలిసింది తల్లీ?"