విండిగో మింగిన అల్లుడు

ఆ ఉదయం కెమెరాలు చలికి బిగుసుకుపోయాయి. అవి తేరుకునేలోగా ఇంటికెళ్లి ఇంత దుప్పి మాంసం తిని వచ్చేద్దామనుకున్నాడు లియోనెల్. టొరంటో వాళ్లు తీస్తున్న ఆ సినిమాలో అతనిది విండిగో వేషం. ఎంత తిన్నా ఆకలి తీరక మనుషుల్ని మింగే మంచుదెయ్యం. అది నిజంగా ఉందా, లేక హీరో బుర్రలోనే ఉందా అన్నది చివరిదాకా తేలదట. చలికాలంలో దాని పేరెత్తితేనే అత్తగారు బ్లాంష్ మండిపడుతుంది. అందుకని ఇంట్లో మాత్రం కట్టెలు మోసే పని అని చెప్పాడు. ఆవిడా, భార్య ఒడీలూ కుందేళ్ల ఉచ్చులు చూసుకోవడానికి వెళ్లారు గనుక వేషంతోనే బయలుదేరాడు.

గడ్డకట్టిన సరస్సు మధ్యలో మంచుబండి మొరాయించింది. దాన్ని వదిలి నడక సాగించాడు. మంచుకు కన్నం పెట్టి చేపలు పడుతున్న హెక్టర్ తలెత్తి చూసి, ఒక బూటు అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. పాపం, కాలు కొయ్యబారిపోతుందని లియోనెల్ బూటు పట్టుకుని వెంటపడ్డాడు. ‘ఆగు, నేనే’ అందామంటే, జిగురుతో అతికించిన కోరల మధ్య నుంచి గుర్రుమన్న చప్పుడే వచ్చింది. హెక్టర్ ఇంకా వేగం పెంచాడు.

విండిగో తన బూటు లాక్కుందనీ, కాలు కోసం తరుముతోందనీ హెక్టర్ ఊరి రేడియోలో చెప్పేశాడు. చూడ్డానికి వెళ్లినవాళ్లకు సరస్సు మీద లియోనెల్ బండి ఖాళీగా కనిపించింది. ఇంకేముంది, మనిషిని మింగేసిందని తేల్చేశారు.

జనం కంటబడకుండా అడవి చుట్టి ఇల్లు చేరిన లియోనెల్‌కు లోపల ఏడుపులు వినిపించాయి. కిటికీ పక్కన నక్కాడు. కబురు విని తిరిగొచ్చిన ఒడీల్ నేలమీద కూలబడి ఉంది. చుట్టూ చేరిన ఊరివాళ్ల నడుమ బ్లాంష్.

"బంగారంలాంటి పిల్లాడు. నా కొడుకులంతా కలిసినా వాడి కాలిగోటికి చాలరు. ఆ మాట ఒక్కసారైనా వాడి ముఖాన అన్నానా?"

లియోనెల్ నిర్ఘాంతపోయాడు. పెళ్లయిన నాటినుంచీ ఆవిడ అతన్ని పేరుపెట్టి కూడా పిలవలేదు. ఇంకా బాగా వినాలని ముఖం అద్దానికి ఆనించాడు.

గది క్షణంలో వెనకద్వారం గుండా ఖాళీ అయింది. బ్లాంష్ మాత్రం కదల్లేదు. విండిగో గుండె మంచుగడ్డ, సలసల కాగే కొవ్వు పోస్తేనే కరుగుతుందని పెద్దలు చెప్పారు. పొయ్యి మీంచి గరిటెడు కొవ్వు తీసుకుని తలుపు తెరిచింది.

"నా అల్లుణ్ణి మింగిన ఆ నోరు తెరువు."

లియోనెల్ భయంతో తెరిచాడు. పెట్టిన కేకకు కోరలు ఊడి గుమ్మంలో పడ్డాయి.

"అత్తయ్యా, నేనే. నన్నెవరూ మింగలేదు."

గరిటె గాల్లోనే ఆగింది. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, మెల్లగా కుర్చీలో కూలబడింది.

"కిటికీ దగ్గర ఎప్పట్నుంచి ఉన్నావు?"

"బంగారం దగ్గర్నుంచి."

బ్లాంష్ కళ్లు తుడుచుకుని లేచింది.

"అది చచ్చినవాడి గురించి అన్నాను. నీ గురించి కాదు."