మట్టి అక్కర్లేని మొక్క

ఆ ఉదయం కళ్లద్దాల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే: షాపు తెరిచేలోపు పార్సెల్ పంపేయాలి. విదేశంలో ఉన్న మొక్కల నేస్తం ఒకప్పుడు ఆయనకో గాలిమొక్క పిలక పంపాడు. దానికి మట్టీ కుండీ అక్కర్లేదు, గాలిలో వేలాడుతూ బతికేస్తుంది. ఈ ఏడు మంచు కొట్టి నేస్తం దగ్గరున్న తల్లిమొక్క చచ్చిపోయింది. ఆ వంశానికి ఇక మిగిలింది ఈయన దగ్గరున్నదే. "దాన్ని పంపు, మళ్లీ పిలక వేస్తే నీకిస్తా" అని నేస్తం బతిమాలాడు. తడి ఉంటే దారిలో కుళ్లుతుందని ఈయన దాన్ని వంటింటి కిటికీలో ఆరబెట్టాడు. తోడుగా ఎండకూ చలికీ ఆగే మొండి గింజలు ఓ పొట్లం.

"అత్తయ్యా, కిటికీలో ఆరినదాన్ని కాగితంలో చుట్టండి. నలపకండి!" స్నానాల గదిలోంచి అరిచాడు.

"నలపడానికి అదేమన్నా పిండా?" అంది అత్తగారు. ఊరందరికీ కళ్లజోళ్లు అమర్చే అల్లుడి చేత ఆవిడ మాత్రం జోడు పెట్టించుకోలేదు.

మొక్కల తనిఖీ ఆఫీసులో అధికారి పార్సెల్ లోపలికి పట్టుకుపోయాడు. తెగులుందంటే తగలబెట్టేస్తారు. బయట బల్ల మీద ఈయన గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

"మట్టి లేదు, పురుగు లేదు. ఇంత శుభ్రమైన మొక్కను నా సర్వీసులో చూళ్లేదు!" అంటూ అధికారి సీలు కొట్టి, పార్సెల్ అట్నుంచటే పంపించేశాడు.

గుండెల మీది కుంపటి దించుకుని ఇంటికొస్తే, అత్తగారు మాడిన గిన్నె తోముతోంది. చేతిలో గాలిమొక్క.

"అత్తయ్యా! అది మొక్క!"

"మరి నేను చుట్టిందేంటి?"

"దాని పక్కన ఆరేసిన గిన్నెల పీచు!"

"అయ్యో, మొన్ననే కొన్న కొత్త పీచయ్యా!" అని ఆవిడా ఉసూరుమంది.

పరుగెత్తుకెళ్లేసరికి పార్సెల్ బండి వెళ్లిపోయింది. నేస్తానికి చెప్పడానికి నోరు రాలేదు. దగ్గర చూపు వాడికి దూరం చూపు అద్దాలిచ్చి తిట్లు తిన్నాడు. మూడు వారాలకు నేస్తం నుంచి కబురొచ్చింది.

"గింజలన్నీ మొలిచాయి. మొక్కకు రోజూ నీళ్లు చిలకరిస్తున్నా. ఎండదు, కుళ్లదు. ఎదుగుదలే కాస్త నిదానం."

ఇక ఉండబట్టలేక ఫోన్ చేసి నిజం కక్కేశాడు.

"అసలుది బతికుందా?" అడిగాడు నేస్తం.

"ఆకులు విరిగాయి. నడుమ పచ్చగానే ఉంది."

"అయితే పంపు!"

ఈసారి అత్తగారిని గడప అవతల నిలబెట్టి, తన చేతుల్తోనే చుట్టుకెళ్లాడు. అధికారి విప్పాడు, తిప్పాడు, వాసన చూశాడు. గిన్నెల సబ్బు వాసన.

"ఏమయ్యా, అంట్లు తోమే పీచు తెచ్చి మొక్కంటావా? పోయినసారి తెచ్చావే, అదీ మొక్కంటే!"