గాల్లో పాతిక నిమిషాలు

ప్రజల కష్టాల్లో ముఖ్యమైనది దూరం కాబట్టి తేమ కొలతల శాఖ దాన్ని రద్దు చేసింది. ఇకమీదట శాఖలో ఏ రెండు ఊళ్ల మధ్య దూరాన్నయినా విమాన మార్గంలోనే లెక్కగట్టాలనీ, ప్రయాణం అరగంటలోపైతే ఆ రెండూ ఒకే ఊరుగా భావించాలనీ ఉత్తర్వు వచ్చింది. (విమానం ఉండాలని ఉత్తర్వులో ఎక్కడా లేదు.)

ఈ సంగతి నాగజ్యోతికి బదిలీ అర్జీ తిరిగొచ్చాక తెలిసింది. ఆమె కనిగిరిలో మిరపకాయల తేమ కొలుస్తుంది. భర్త వేణుగోపాల్ అదే శాఖలో, తాడేపల్లిలో పత్తి తేమ కొలుస్తాడు. పెళ్లయి రెండేళ్లయినా, పండగలూ సెలవులూ అన్నీ కలిపితే కాపురం చేసింది నలభై ఒక్క రోజులు. భార్యాభర్తల్ని ఒకచోటికి చేర్చమని ఆమె పెట్టుకున్న అర్జీ మీద "ఇప్పటికే ఒకచోట ఉన్నారు" అని ఎర్రసిరాతో రాసి ఉంది.

మర్నాడే ఒంగోలు వెళ్లి సూపరింటెండెంటు జాన్ బాషా ముందు నిలబడింది. ఆయన ఫోన్లో ఒక వెబ్‌సైటు తెరిచాడు.

"చూడమ్మా. కనిగిరి విమానాశ్రయం నుంచి తాడేపల్లి విమానాశ్రయానికి నూట అరవై ఏడు కిలోమీటర్లు. పాతిక నిమిషాలు."

"కనిగిరిలో విమానాశ్రయం ఎక్కడుందండీ?"

"ఇందులో ఉందిగా."

"నేను బస్సులో ఆరు గంటలు కూర్చుని పోతున్నానండీ."

"అది మీ ఇష్టమమ్మా. శాఖ ఎవర్నీ బలవంతపెట్టదు."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె కళ్లలో నీళ్లు చూసి, క్షేత్ర తనిఖీ కోరుతూ అర్జీ తనే రాసిపెట్టాడు.

మూడు వారాలకు గగన దూరాల నిర్ధారణాధికారి క్రీస్తుదాసు గారు తాడేపల్లి నుంచి జీపులో బయల్దేరారు. (పాతిక నిమిషాల దారే గనక పదింటికల్లా వస్తానన్నారు. వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది.) కనిగిరి శివార్లలో ఎవరో ఎప్పుడో చదునుచేసి వదిలేసిన రన్‌వే ఉంది. వెంకాయమ్మ అనే రైతు దాన్నే కల్లం చేసుకుని, పొడవునా ఎండుమిరపకాయలు పోసి కాళ్లతో తిరగేస్తోంది.

"ఇవి తీసెయ్యాలమ్మా. విమానం రావచ్చు," అన్నారు అధికారి.

"రానీండి బాబూ. దిగేముందు హారన్ కొట్టమనండి, పక్కకి లాక్కుంటా."

నాగజ్యోతికి నవ్వొచ్చింది. నవ్వితే అర్జీ చెడుతుందని తమాయించుకుంది. "విమానం లేదని ఒక్క ముక్క రాయండి సార్, చాలు," అని బతిమాలింది.

ఆయన నాలుగుసార్లు తుమ్మి, నిజాయితీగా రాశారు: "విమానాలు లేవు. అందువల్ల రద్దీ గానీ ఆలస్యం గానీ లేదు. ప్రయాణ సమయాన్ని ఇరవై రెండు నిమిషాలకు తగ్గించవచ్చు."

అంత చురుగ్గా తిరగగల ఉద్యోగిని ఒకే ఊళ్లో ఉంచడం వృథా అని పైవాళ్లకు తోచింది. సోమ, బుధ, శుక్రవారాల్లో నాగజ్యోతికి తాడేపల్లి పత్తిని అప్పగించారు. ఆ రాత్రే భర్తకు ఫోన్ చేసింది.

"సోమవారం అక్కడికి వస్తున్నానండీ."

అవతల వేణుగోపాల్ తనకొచ్చిన ఉత్తర్వు తీశాడు.

"నన్ను కనిగిరి మిరపకాయలకు వేశారు జ్యోతీ. అవే రోజులు."

ఇద్దరి బస్సులూ అద్దంకిలో టీకి పది నిమిషాలు ఆగుతాయి. బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒక గ్లాసు టీ చెరిసగం తాగి, ఎవరి బస్సు వాళ్లెక్కుతున్నారు. దంపతులు తరచూ ఒకచోట ఉంటున్నట్టు రుజువైనందున శాఖ ఫైలు మూసేసి, ఆ పది నిమిషాలనూ ఇద్దరి సెలవుల్లోంచి కోసింది.