ఎడమవైపు ఏమీ జరగలేదు

మా హాకీ అభిమానుల సంఘం ఆట చూడదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. చూడటం ఎవరైనా చేస్తారు. టిక్కెట్టు కొని, గ్యాలరీ ఎక్కి, కళ్ళు తెరిస్తే సరి. కానీ చూసినవాడికి ఒక ఆటగాడు నచ్చుతాడు, ఇంకొకడు నచ్చడు. దాంతో న్యాయం కాస్తా గంగలో కలుస్తుంది. అందుకని మ్యాచ్ జరిగినంతసేపూ మా సభ్యులు కుర్చీలు తిప్పుకుని, మైదానానికి వీపు పెట్టి, గోడకేసి కూర్చుంటారు. మైకులో వ్యాఖ్యాత ఎవరి పేరు పలికితే వారి పేరు కింద ఒక గీత గీస్తారు. గీతలు అబద్ధం చెప్పవు.

తల తిప్పడం నేరం. నాకు ముందు కార్యదర్శిగా ఉన్న దర్జీ మంచివాడే. కానీ ఒకసారి మనవాళ్ళు గోల్ కొట్టినప్పుడు జనమంతా లేచి కేకలు వేస్తుంటే ఉండబట్టలేక వెనక్కి చూశాడు. ఆ సాయంత్రమే రాజీనామా తీసుకున్నాం. మెడ పట్టేసిందని, అందుకే తిరిగిందని బుకాయించాడు. పట్టేసిన మెడ అంత చురుగ్గా తిరగదని విచారణలో తేలింది. ఆయన తర్వాత ఆ పదవి నాకు వచ్చింది. నాది బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం. సంఘం సమావేశాలు దుకాణం వెనక గదిలో, హ్యాంగర్లకు వేలాడే జనాల కోట్ల మధ్య జరుగుతాయి. అధ్యక్షులవారు మందుల షాపు యజమాని. లెక్కల భారమంతా ట్యూషన్ మాస్టారిది.

మాస్టారు కనిపెట్టిన 'విలువాంకం' గురించి తెలియని దురదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. మైకులో పేరు ఎంత వినబడితే ఆటగాడి విలువ అంత. బంతిని ఆపితే అదనంగా అర మార్కు. కిందపడి ఆపితే ఒక మార్కు. కిందపడి కూడా ఆపలేకపోతే ఒకటిన్నర మార్కు. ఎందుకంటే అందులో ప్రయత్నం స్వచ్ఛంగా ఉంది, ఫలితం వచ్చి దాన్ని కలుషితం చేయలేదు. ఈ పద్ధతి ప్రకారం మా జట్టులో మహా విలువైన ఫార్వర్డ్ 'మెరుపు'. ఆయన కొట్టిన బంతి ప్రతిసారీ గోల్ పక్కనుంచి పోతుంది. పోవడం వల్లే కదా మళ్ళీ కొడతాడు, మళ్ళీ పేరు వినబడుతుంది! గోల్ కొట్టేవాడు ఒక్కసారి కొట్టి ఊరుకుంటాడు.

గోల్ కీపర్ల లెక్క వేరు. ఎదుటివాళ్ళకు ఎన్ని గోల్స్ ఇచ్చాడన్నదే కొలమానం. ఆ లెక్కన ఈ ఆటలోనే ఎవరికీ లేని అపూర్వమైన గోల్ కీపర్ మా దగ్గర ఉన్నాడు. ఇంతవరకూ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఇంతవరకూ ఆడనూ లేదు. అంత గొప్ప రికార్డును మైదానంలోకి దింపి పాడుచేసుకోవడం ఇష్టంలేక, ఎండ తగలకుండా గొడుగు వేయించి బెంచీ మీదే కంటికి రెప్పలా కాపాడుకుంటున్నాం.

ఇంతటి సేవను క్లబ్బువారు గుర్తించకుండా ఎలా ఉంటారు? గ్యాలరీలు సగం ఖాళీ అవుతున్నాయని కంగారుపడుతున్న మేనేజరుగారు ఒక మంచిరోజున నా దుకాణానికి వచ్చి, తన కోటు తీసుకుంటూ, "ఇకనుంచి ప్రతి సీజనూ ఒక ఆటగాణ్ణి తీసెయ్యడం, ఒకణ్ణి పెట్టడం మీ చేతుల్లోనే. ప్రజాస్వామ్యం కదండీ!" అని ప్రకటించారు. మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక మనిషిని తీసేసే అధికారం చేతికొస్తే ఎంత బాధ్యతగా అనిపిస్తుందో అనుభవిస్తేగాని తెలియదు.

మాస్టారు లెక్క తేల్చారు. అట్టడుగున ఉన్నవాడు ఎడమవైపు డిఫెన్సులో ఆడే 'నిమ్మళం'. విలువాంకం సున్నా. సీజను పొడుగునా ఆయన పేరు ఆట మొదట్లో జట్టును పరిచయం చేసేటప్పుడు తప్ప మైకులో వినబడలేదు. ఈయన సాక్షాత్తూ మా అధ్యక్షులవారి అల్లుడు. భార్యా పాపతో మామగారి మందుల షాపు పై వాటాలోనే కాపురం. ముప్పై దాటిన మనిషి, హాకీ కర్ర పట్టుకోవడం తప్ప మరో పని నేర్చుకోలేదు, పాపను ఆ ఏడే బడిలో వేశారు. జట్టులో చోటు పోతే ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమని అందరికీ తెలుసు. తెలిసినా చలించకపోవడమే మా సంఘం గొప్పతనం.

ఉరికంబం ఎక్కేవాణ్ణయినా చివరి కోరిక అడుగుతారు కనుక, సంజాయిషీ చెప్పుకోమని ఆయన్ని పిలిపించాం. వచ్చాడు. కోట్లను పక్కకు తోసుకుని, ఒక మూల, ఎవరి దారికీ అడ్డం రాకుండా నిలబడ్డాడు. చూడండి, అక్కడా అదే అలవాటు.

"బంతి మీవైపు ఎందుకు రాలేదో సభకు వివరించాలి," అన్నారు మాస్టారు.

"నేను ముందే అక్కడుంటానండీ," అన్నాడు నిమ్మళం. "వాళ్ళ ఫార్వర్డ్ తలెత్తి చూస్తాడు. నేను నిలబడి ఉంటాను. ఇంకేం చేస్తాడు పాపం, ఇంకోవైపు కొట్టుకుంటాడు."

"అంటే నిలబడటం తప్ప ఇంకేమీ చేయట్లేదని ఒప్పుకుంటున్నారు."

"అయ్యో, అది కాదండీ..." ఆయన ముఖం ఎర్రబడింది. "ఎలా చెప్పాలి మీకు? కావాలంటే ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి!"

గదిలో కలకలం రేగింది. సంఘ నియమాలను ఉల్లంఘించమని సభ్యులను రెచ్చగొట్టాడన్న ఆరోపణ అప్పటికప్పుడు చేర్చాం. అంతవరకూ ఆయన మీద ఉన్నది ఒక్క నేరమే.

ఇంతలో తలుపు ధడేల్మంది. అధ్యక్షులవారి కూతురు, అనగా నిమ్మళం ఇల్లాలు, షాపులోనుంచి అలాగే లేచి వచ్చేసినట్టుంది, చేతిలో ఇంకా ఎవరిదో దగ్గుమందు సీసా ఉంది.

"నాన్నా, నీకేమైనా మతి పోయిందా? ఆయనున్న వైపుకి బంతే రాదు. రానిదాన్ని ఎలా ఆపుతారు?"

"అమ్మా, మా ఆరోపణ కూడా అదే," అన్నారు మాస్టారు, ఎంతో సౌమ్యంగా.

"మీ లెక్కలు తగలెయ్య! కళ్ళేమో గోడమీద, తీర్పులేమో మనుషుల మీదానా? బాబాయ్, నువ్వయినా చెప్పు! ఆయన ఆడే ఆట నువ్వు చిన్నప్పట్నుంచీ చూశావుగా?"

బాబాయ్ అన్నది నన్నే. చూసిన మాట నిజమే, సంఘంలో చేరకముందు. అది పక్షపాతం కింద వస్తుంది కనుక, ఇస్త్రీ పెట్టె చల్లారిందో లేదో చూడటానికి వెళ్ళాను.

అప్పుడు అధ్యక్షులవారు లేచారు. ఆ ఉపన్యాసం వినడానికి పెట్టి పుట్టాలి. "సోదరులారా! అల్లుడు పదో గ్రహం అన్నారు పెద్దలు. తొమ్మిది గ్రహాలకు శాంతి చేయించుకోవచ్చు. ఈ పదోదానికి మన సంఘం ఒక్కటే మందు కనిపెట్టింది. రేపు ఎవడూ వేలెత్తి చూపి, వీడు అల్లుడి కోసం జట్టును బలిపెట్టాడని అనకూడదు. జట్టు కోసం అల్లుణ్ణే వదులుకున్నాడు అనాలి! ఆ కీర్తి నాకు చాలు." చప్పట్లకు హ్యాంగర్లు ఊగాయి. కూతురు తండ్రికేసి చూసిన చూపును సభ గమనించలేదు. మేము చూపులను లెక్కలోకి తీసుకోం. దగ్గుమందు సీసా మాత్రం నా బల్ల మీద ఠంగుమని పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారంలోనే పై వాటా ఖాళీ చేశారు. అద్దె ఇంటి కోసం ఎన్ని వీధులు తిరిగారో, అది మన పరిధిలోకి రాదు.

నిమ్మళం స్థానంలో 'సుడిగాలి' అనే కుర్రాణ్ణి దించాం. ఓహో, ఏం ఆటగాడండీ! మొదటి మ్యాచ్‌లోనే మైకు దద్దరిల్లింది. సుడిగాలి పరుగెత్తాడు, సుడిగాలి జారాడు, సుడిగాలి పడ్డాడు, సుడిగాలి లేచాడు, సుడిగాలి మళ్ళీ పడ్డాడు. ఎదుటి జట్టు ఫార్వర్డులందరూ ఆయన్ని పలకరించిపోదామని బయల్దేరినట్టు ఎడమవైపే వచ్చారు. గీతలు గీసి గీసి మా చేతులు పడిపోయాయి. మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ రోజు మన జట్టు చిత్తుగా ఓడింది. ఇచ్చిన గోల్స్ అన్నీ గోల్ కీపర్ పద్దులో వేశాం. అతని విలువ పడిపోయింది, బెంచీ మీది గోల్ కీపర్ విలువ ఇంకా పైకి పోయింది. గొడుగు మార్చి పెద్దది కొన్నాం.

తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే, ఆ తర్వాతా అంతే. ఒకసారి సమావేశంలో పాల వ్యాపారి, కొత్త సభ్యుడు, నసుగుతూ లేచాడు. "అన్ని గోల్సూ ఎడమవైపు నుంచే వస్తున్నాయంటున్నారు కదండీ. ఇదివరకు ఇలా ఉండేది కాదేమో కదా?"

మాస్టారు చిరునవ్వు నవ్వారు. "బాగా అడిగారు. ఎడమవైపు అంత పని ఉందని ఇప్పుడే కదా తెలిసింది! మరి ఇన్నాళ్ళూ ఆ నిమ్మళం ఏం చేస్తున్నట్టు?"

సభ ముక్కున వేలేసుకుంది. ఇన్నేళ్ళు ఎంత మోసపోయామో అప్పుడు అర్థమైంది. పాల వ్యాపారి సిగ్గుపడి కూర్చున్నాడు. సీజను ముగిసేసరికి జట్టు కింది డివిజనుకు జారింది. దిగులుపడాల్సిన పనేమీ లేదని, కింది డివిజనులోకెల్లా అత్యంత విలువైన జట్టు మనదేనని అధ్యక్షులవారు ప్రకటన విడుదల చేశారు.

నిమ్మళాన్ని వేరే క్లబ్బువారు ఎవరైనా తీసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తీసుకునేవారే, కానీ మా విలువాంకం అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. వెళ్ళిన ప్రతిచోటా సున్నా ఆయనకంటే ముందే వెళ్ళి కూర్చుంది. చివరికి మున్సిపాలిటీవారు జాలిపడి బడి ముందర పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం ఇచ్చారు. ఆ రోడ్డు మామూలుది కాదు. మలుపు తిరిగితే గోదాములు, రోజంతా లారీలు. ఈయన చేతిలో ఒక ఈల, ఒక ఎర్రజెండా. పొద్దున్న బడి తెరవకముందే వెళ్ళి మలుపు దగ్గర నిలబడతాడు. లారీ డ్రైవర్లు దూరం నుంచే చూసి వేగం తగ్గించుకుంటారు. ఈల ఊదాల్సిన అవసరం కూడా రాదట. నాకు ఈ సంగతి మా చిన్నవాడు చెప్పాడు. వాడిదీ ఆ బడే. "ఆ మావయ్య ఉంటే లారీలు పిల్లుల్లా వెళ్తాయి నాన్నా," అన్నాడు. పిల్లలకు లెక్కలు తెలియవు.

మా సంఘం ఖ్యాతి విని మున్సిపాలిటీవారూ ముచ్చటపడ్డారు. ఉద్యోగులు ఎక్కువయ్యారు, ఎవరు దండగో మీ పద్ధతిలో తేల్చిపెట్టండి అన్నారు. మొదటి పరిశీలనకు బడి ముందు ఉద్యోగాన్నే ఇచ్చారు. మేము కుర్చీలు పట్టుకెళ్ళి, రోడ్డుకు వీపు పెట్టి, బడి ప్రహరీగోడకేసి కూర్చున్నాం. బ్రేకులు కీచుమంటే ఒక గీత. అరుపు వినబడితే ఒక గీత. ఎవరైనా పడిన చప్పుడైతే రెండు గీతలు. వారం రోజులు చెవులు రిక్కించి కూర్చున్నాం. పిల్లల కబుర్లు, నవ్వులు, బడిగంట. కాగితం తెల్లగా మిగిలింది.

నివేదిక మీద చర్చ నిన్న జరిగింది. నిమ్మళాన్ని పిలవలేదు, ఆ వేళకు ఆయన డ్యూటీలో ఉన్నాడు. కూతురు వచ్చింది గానీ లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఈసారి ఆట కాదు. అక్కడ పిల్లలు దాటేది రోడ్డు," అని ఒక్క మాట అంది. బతిమాలడం ఆమెకు అలవాటు లేదు, నాకు తెలుసు.

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కరుగుతున్నారేమోనని మాకు భయం వేసింది. కానీ మహానుభావుడు నిలదొక్కుకున్నారు. "సోదరులారా! నా మనవరాలు రోజూ ఆ రోడ్డే దాటుతుంది. నా రక్తం. ఇంతవరకూ దానికి చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. అక్కడ ప్రమాదమే లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?"

చేతులు లేచాయి. నాది లేవడం కొంచెం ఆలస్యమైంది. పైన హ్యాంగర్ అడ్డం వచ్చింది, అంతే, ఇంకేమీ కాదు. తీర్మానం ఏకగ్రీవం. కూతురు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. సోమవారం నుంచి ఆ మలుపులో ఎవరూ ఉండరు. మా చిన్నవాడికి మాత్రం, లారీ వస్తే పరుగెత్తరా అని చెప్పాను. ఇంట్లో చెప్పుకునే మాట అది, నివేదికలో రాసేది కాదు.

మీరు నన్ను అలా చూడనక్కర్లేదు. ఆ రోడ్డున మీరూ వెళతారు. ఇన్నాళ్ళూ ఆ మలుపులో ఒక మనిషి నిలబడి ఉండేవాడని మీలో ఎంతమందికి తెలుసు? ఏమీ జరగని రోజున అటు ఒక్కరూ రాలేదు. ఏదన్నా జరిగిన రోజున మాత్రం పరుగెత్తుకొస్తారు, ఫొటోలు తీస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, "ఇక్కడొక మనిషిని పెట్టాలని ఎవరికీ తోచలేదా?" అని మమ్మల్ని నిలదీస్తారు. అప్పుడు తప్పకుండా పెడతాం.