రెండో అంతస్తు పిల్లి

ఆ ఉదయం హెస్టర్ పిమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి వచ్చే పాత కట్టడాల అధికారి లోరిమర్‌కు టీ ఇవ్వాలి, ఇల్లు చూపించాలి, ఆయన తలెత్తి పైకి మాత్రం చూడకుండా చూసుకోవాలి.

జార్జి రాజుల కాలంలో బ్రిస్టల్‌లో కట్టిన ఆ ఇంటికి ఆమె ఇరవై ఏళ్లుగా సంరక్షకురాలు. కాపురమూ అందులోనే. గుమ్మానికి కుడిపక్క ఎన్ని కిటికీలుంటే ఎడమపక్కా అన్నే ఉండాలని ఆనాటి మేస్త్రీల పట్టుదల. రెండో అంతస్తులో ఒకచోట మాత్రం కిటికీ లేదు, గోడ మీద కిటికీ బొమ్మ ఉంది. పోయిన వారం గొట్టాల మరమ్మతుకు పరంజా వేస్తే, హెస్టర్ ఎక్కి ఆ బొమ్మకు వెలిసిపోయిన రంగులు దిద్దింది. అంతటితో ఊరుకుందా? బొమ్మ కిటికీ గట్టు మీద ఒక తెల్లపిల్లిని కూడా గీసి కూర్చోబెట్టింది. అనుమతి లేనిదే ఆ ఇంట్లో మేకు కూడా కదపకూడదు. సంగతి తెలిస్తే ఉద్యోగమూ పోతుంది, తలదాచుకునే చోటూ పోతుంది.

లోరిమర్ గుమ్మం ముందుకు వచ్చాడో లేదో, ఎదురింటి బీట్రిస్ పరిగెత్తుకొచ్చింది.

"ఏమే హెస్టర్, మీ పిల్లి నాలుగు రోజులుగా కిటికీలోంచి కదల్లేదు! ఫైరింజన్‌కి ఫోన్ చేసేశా!"

"అది నిద్రపోతోందిలే."

"కళ్లు తెరుచుకునా?"

లోరిమర్ తలెత్తాడు. హెస్టర్ గబుక్కున అందుకుంది.

"ముసలిది సార్. కళ్లు మూసుకోడానికీ బద్ధకమే."

"పేరేంటి?" అన్నాడాయన ముచ్చటగా.

"జా... జార్జి."

ఫైరింజన్ రానే వచ్చింది, నిచ్చెన లేవనే లేచింది.

"కిటికీ లోపల్నుంచి తీయండమ్మా," అన్నాడు ఫైర్‌మన్ గ్రెగ్సన్.

"రాదు నాయనా, బిగుసుకుపోయింది."

"ఎప్పట్నుంచి?"

"కట్టినప్పట్నుంచి." ఒక్క నిజమైనా చెప్పానని ఆమె ఊపిరి పీల్చుకుంది.

గ్రెగ్సన్ పైకెక్కి "జార్జీ! జార్జీ!" అని పిలిచాడు. పిల్లి పలకలేదు. బీట్రిస్ ముక్కు చీదింది. "అయ్యో, పోయినట్టుందే!"

"పోయిందా? పోతే పోయిందిలే, నువ్వు దిగిరా బాబూ!" అంది హెస్టర్ ఆశగా. బీట్రిస్ ఆమెను రాక్షసిని చూసినట్టు చూసింది.

గ్రెగ్సన్ గొడ్డలితో అద్దాన్ని మెల్లగా తట్టాడు. అద్దం పగల్లేదు. గుల్లబారిన ఇటుకలు నాలుగు, వాటితోపాటు పిల్లి తలా వచ్చి కిందపడ్డాయి. గోడకు అవతలిదాకా కన్నం పడింది.

హెస్టర్ భోరుమంది. "నేనే వేశాను సార్! పిల్లి నాదే, తప్పూ నాదే. నన్ను మాత్రం వెళ్లగొట్టకండి, నాకింకో ఇల్లు లేదు!"

లోరిమర్ అప్పటికే నిచ్చెన మీదున్నాడు. కన్నంలో తల దూర్చి కేక పెట్టాడు. "ఇటుకల మధ్య అసలు కిటికీ చట్రం ఉంది! చెక్కు చెదరలేదు! కిటికీల మీద పన్ను వేసిన రోజుల్లో, అది తప్పించుకోడానికి మూసేసుంటారు!"

కిందికి దిగి హెస్టర్ చేతులు రెండూ పట్టుకున్నాడు. "మిమ్మల్ని ఎవరూ కదపరమ్మా. ఈ కన్నాన్నీ ఎవరూ కదపకూడదు. ఇవాళ్టి నుంచి ఇదీ చారిత్రక కట్టడంలో భాగమే. పూడ్చాలంటే అనుమతి కావాలి."

"ఎన్నాళ్లకొస్తుంది సార్?"

"మహా అయితే రెండేళ్లు."

అప్పుడు నవంబరు, చలి ముదురుతోంది. ఆ కన్నం తెరుచుకున్నది హెస్టర్ పడకగదిలోకి.