పదకొండు సున్నాల పిల్ల

పిల్లల్ని అర్థం చేసుకోవడానికి పిల్లలతో పనేముంది? పద్నాలుగు పేజీల ఫారం ఉంటే చాలు!

నవ్వకండి. ఆటిజం ఉన్న పిల్లల దగ్గర పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న బిహేవియర్ అనలిస్ట్ ఒకావిడ ఉంది. ఏ పిల్ల ఎందుకు కొరుకుతోందో, ఏ పిల్లాడు ఎందుకు చెవులు మూసుకుంటున్నాడో కనిపెట్టి, దానికి బదులు ఒక మాటో సైగో నేర్పడం ఆవిడ పని. మొదట్లో పిల్లల ముఖాలు చూస్తూ చేసేది. ఎంత అనాగరికం! ఇప్పుడు ట్యాబ్లెట్‌లో ఆ ఫారం చూస్తూ చేస్తోంది. ముఖం వైపు చూస్తే టిక్కు తప్పిపోతుంది మరి.

ఫారం మహా ధర్మప్రభువు. నవ్వులూ ఏడుపులూ దానికి పట్టవు. చెప్పిన పని చేసిందా, లేదా? చేస్తే ఒకటి, చేయకపోతే సున్నా. పిల్ల తుమ్మితే? సున్నా. కిటికీలోంచి వాన చూస్తూ ఉండిపోతే? సున్నా. చెప్పకముందే చేసేస్తే? అదీ సున్నాయే! చెప్పాక కదా చేయాలి?

ఇక ఆర్నెల్లకోసారి సమీక్ష. అసలు అందమంతా అక్కడుంది. స్కోరు యాభై కంటే తగ్గితే ‘ఉపయోగం లేదు’ అని శిక్షణ ఆపేస్తారు. తొంభై దాటితే ‘నయమైపోయింది’ అని ఆపేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో గ్రాఫు! పిల్లలు ఆ గట్టు మీదే బుద్ధిగా బాగుపడాలి.

అలా బాగుపడుతున్న వాళ్ళలో పిచ్చుక ఒకతి. ఆరేళ్ళది. ఆ ముద్దుపేరు అమ్మమ్మ పెట్టింది. మాటల్లేవు గానీ పళ్ళున్నాయి. నచ్చనిది ముందు పెడితే చటుక్కున చెయ్యి కొరికేది. అనలిస్ట్ ముంజేతి మీద ఏడాదిన్నర చరిత్ర అచ్చుపడి ఉంది.

సమీక్షకు మూడు రోజులుందనగా, మంగళవారం పొద్దున పదీ ఇరవైకి అది జరిగింది.

అనలిస్ట్ నీలం పజిల్ బల్ల మీద పెట్టింది. "ఈ ముక్క పెట్టమ్మా."

పిచ్చుక పజిల్ వైపు చూసింది. చేతి వైపు చూసింది. నోరు తెరిచింది. అనలిస్ట్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు."

అనలిస్ట్ పజిల్ తీసేసింది. విన్నది నిజమేనా అని మళ్ళీ పెట్టింది. "వద్దు!" మళ్ళీ తీసేసింది. తన మాటకు అంత బలముందని తెలిసి పిచ్చుక కిలకిలా నవ్వింది. పదకొండుసార్లు పెడితే పదకొండుసార్లూ వద్దంది. ఒక్క పంటిగాటు లేదు.

తలుపు దగ్గర వాళ్ళమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుస్తావేంటే పిచ్చిదానా!" అంది పక్కనే ఉన్న అమ్మమ్మ. "ఆ మాట అనడం నాకు నలభై ఏళ్ళకి వచ్చింది. నీకింకా రాలేదు. దీనికి ఆరేళ్ళకే వచ్చేసింది!"

ఫారం మాత్రం చలించలేదు. పదకొండు సున్నాలు వేసి, ‘మొండితనం’ అని ఎర్రగా వెలిగింది. మధ్యాహ్నానికల్లా సమీక్షాధికారి ఫోను.

"ఏంటి మేడమ్, పాప అస్సలు మాట వినట్లేదు?"

"మాట్లాడుతోంది సార్! ఇదే మొదటి మాట!"

"మీరు నేర్పుతానని రాసింది ‘ఇవ్వు’ కదా? ‘వద్దు’ లిస్టులో లేదే!"

"ఆ మాట వచ్చాకే కొరకడం ఆగింది సార్."

"అదంతా ఏ గడిలో రాస్తాం చెప్పండి? వద్దన్నా సరే, చెయ్యి పట్టుకుని ముక్కలు పెట్టించెయ్యండి. శుక్రవారానికి స్కోరు రాకపోతే పాప శిక్షణ ఆగిపోతుంది. నా చేతుల్లో ఏమీ లేదు."

ఎంత సులువైన ఉపాయం! పిచ్చుక వద్దంటుంది, పెద్దవాళ్ళు వినరు. నాలుగు రోజుల్లో ఆ మాట దండగని తెలుసుకుని మళ్ళీ పళ్ళకు పని చెబుతుంది. అయితేనేం, గ్రాఫు పచ్చగా ఉంటుంది! పిల్లదేముంది, ఎలాగోలా పెరుగుతుంది. గ్రాఫు పెరగొద్దూ?

అనలిస్ట్ ఇక ఆ పజిల్ ముట్టుకోలేదు. గురువారం సాయంత్రం మంగళవారం నాటి ఫారం ముందు కూర్చుని మొదటిసారి దాన్ని పూర్తిగా చదివింది. మూడో పేజీలో రెండు గళ్ళున్నాయి. ‘చెప్పినవారు’, ‘చేయవలసినవారు’. మొదటి దాంట్లో అనలిస్ట్ అనీ, రెండో దాంట్లో పాప అనీ ఎప్పుడూ ముందే నింపి ఉంటాయి. వాటిని మార్చకూడదని ఎక్కడా లేదు.

చెప్పినవారు: పాప. చేయవలసినవారు: అనలిస్ట్. పని: వద్దన్న వెంటనే ఆపడం.

పదకొండుకు పదకొండు అని వేయబోయి ఆగింది. నిజం కాదు. రెండుసార్లు ఆలస్యమైంది. ఒకసారి కళ్ళు తుడుచుకుంటూ, ఒకసారి టిక్కు పెడుతూ. తొమ్మిది వేసింది. ఎనభై రెండు శాతం. ఫారం పచ్చగా వెలిగింది.

శుక్రవారం సమీక్షాధికారి గొంతు పెళ్ళిసన్నాయిలా ఉంది. "భేష్ మేడమ్! పాప దారికొచ్చిందన్నమాట!"

"మూడో పేజీ చూశారా సార్?"

"అంత టైమెక్కడిది మేడమ్? పచ్చగా ఉందిగా!"

పిచ్చుకకు మరో ఆరు నెలలు మంజూరయ్యాయి. కింద ఒక వాక్యం కూడా రాసి పంపారు: ‘పురోగతి బాగుంది. చెప్పిన మాట వినడంలో ఇంకా శిక్షణ అవసరం.’

కాబట్టి ఫారాన్ని తిట్టకండి. వినడం రానిది ఎవరికో అది ఉన్నదున్నట్టు చెప్పింది. పైవాళ్ళలో ఇంతవరకూ ఎవరూ చదవలేదు, అంతే.